మక్కరాకు సొంత వేడి లేదు

హౌకియార్వి,
ఫిబ్రవరి 3

కైసా తల్లికి, సరస్సు ఇవతలి గట్టు నుంచి ముసలాడి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పామును చలిలో ఎలా తీసుకురావాలో నువ్వు రాసిన పన్నెండు సూచనలనూ వంటింటి గోడకు అంటించాను. పన్నెండోది, "దారిలో పెట్టె మూత తెరవకండి మామయ్యా" అన్నదాని కింద రెండు గీతలు గీశావు. నలభై ఏళ్ళు కలప లారీ నడిపినవాడికి రెండు గీతలా? ఒకసారి చర్చి పియానోను మంచులో నూటయాభై మైళ్ళు మోసుకొచ్చాను, శ్రుతి తప్పలేదు. ఇంకోసారి తొట్టిలో బతికున్న చేపలు తెచ్చాను, ఒక్కటీ చావలేదు. తర్వాత చచ్చాయనుకో, అది వంటింటి వ్యవహారం.

సాసేజికి పెట్టిన పేరు పాముకు పెట్టిన పిల్ల ఈ లోకంలో మన విల్యా ఒక్కతే అయి ఉంటుంది. మక్కరా! ఆ పేరు విన్న రోజు నా కొడుకు ఇల్మో కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు. అందుకే నేనూ దాన్ని అలాగే పిలుస్తాను. అది పలకదు. పాములకు మనలా చెవులుండవట. నాలుగో తరగతితో ఆగిన నా చదువుకు మిగతాదంతా లైబ్రరీ బస్సు పెట్టిన భిక్షే కదా, పోయిన వారం దాన్నే ఆపి పాముల పుస్తకం అడిగాను. ఆ బస్సావిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈ వయసులో పాముల పుస్తకమెందుకు తౌనో, మళ్ళీ పెళ్ళా?" అంది. "అవునమ్మా, పిల్ల సన్నగా ఉంది, వారానికొక్కసారే తింటుంది, ఎదురు మాట్లాడదు" అన్నాను.

వేసవి దాకా ఆగితే మంచిదని కూడా రాశావు. ఆగలేను. ఈ నెల ఇరవై ఎనిమిదిన ఓలులో నా గుండె కోసి బాగుచేస్తారు. నేను ఆసుపత్రిలో ఉంటే ఇక్కడ పొయ్యి రాజేసేవాళ్ళు లేరు, పొయ్యి లేకపోతే మక్కరా లేదు. ఆపరేషన్‌కు ఎవరూ రానక్కర్లేదు. పిలవలేదని నొచ్చుకోకు, నేనెవర్నీ పిలవను. పన్నెండో తేదీన నా కారులోనే కయానీలోని మీ ఇంటికి తీసుకొస్తాను. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి విల్యాకు మిగిలిన ప్రాణమున్నది ఇదొక్కటే. దీన్ని బతికుండగా ఆ పిల్ల చేతిలో పెట్టాలి. నాకు వేరే పనేం మిగల్లేదు.

ఇల్మో పోయిన రోజు సంగతి మళ్ళీ అడిగావు. చెప్పిందే తల్లీ. వాడి పొగ గొట్టంలో పొగ ఆగడం చూశాను, వెంటనే స్కీలు వేసుకుని గడ్డకట్టిన సరస్సు దాటాను, అప్పటికే అయిపోయింది. ఇక అడగకు.

మీ మామ,
తౌనో


హౌకియార్వి,
ఫిబ్రవరి 13

కైసా తల్లీ,

నిన్న మీ ఇంట్లో మూడు కప్పుల కాఫీ తాగి, రోడ్లు బాగున్నాయని అబద్ధమాడి, కళ్ళెత్తకుండా వచ్చేశాను. నోటితో చెప్పలేనిది రాస్తున్నాను. విల్యాకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

నీ సూచనలన్నీ పాటించాను. ఎనిమిది రోజులు దానికి తిండి పెట్టలేదు. దిండు గలీబులో పెట్టి మూతి ముడేశాను. మందపాటి థర్మోకోల్ పెట్టెలో, తువ్వాళ్ళు చుట్టిన వేడినీళ్ళ సీసాలు రెండు వైపులా, పాముకు తగలకుండా పెట్టాను. థర్మామీటరు తీగ లోపలికి, దాని ముఖం బయటికి. పొయ్యి పెట్టిన షెడ్డులో కారును గంటసేపు వేడెక్కించాక పెట్టెను కోటు కింద దాచుకుని మెట్లు దిగాను. బయట సున్నాకు కింద ముప్పై నాలుగు, పెట్టెలో ఇరవై ఏడు. ఇంతకంటే జాగ్రత్తగా దేశాధ్యక్షుణ్ణి కూడా మోసుకెళ్ళరు.

మరిచిపోయింది ఒక్కటే. పోయిన వేసవిలో డీజిల్ పోయించాక నేనెక్కడికీ వెళ్ళలేదు. ఇల్మో పోయాక నాకు వెళ్ళే చోటేముంది? ట్యాంకు నిండా వేసవి డీజిలే. గడ్డకట్టే చలికి అది కొవ్వులా పేరుకుంటుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నలభై ఏళ్ళు లారీ నడిపినవాడు మరిచాడు. ఇంటి దగ్గర్నుంచి గంటన్నర నడిపాక అడవి మధ్యలో ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఫోను చలికి ముందే చచ్చింది.

కారు చల్లబడుతూ వచ్చింది. నేను థర్మామీటరు ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరు, ఇరవై మూడు, పంతొమ్మిది. పదిహేను దగ్గర నీ రెండు గీతలూ దాటి మూత తెరిచాను. గలీబులో చెయ్యి పెడితే తడిసిన తాడులా తగిలింది. చొక్కా గుండీలు విప్పి దాన్ని లోపల వేసుకున్నాను, ఒంటికి ఆనించి. మొదట కదల్లేదు. తర్వాత మెల్లగా జరిగి జరిగి ఎడమవైపు చేరింది, డాక్టర్లు కోయబోయే చోటికే. నా వేడి తీసుకుని అది వెచ్చబడింది. నేను తీసేసిన క్షణం నుంచి చల్లబడుతుంది. పాముకు సొంత వేడి ఉండదని పుస్తకంలో నాలుగుసార్లు చదివాను. నిన్న గాని నా చేతికి అర్థం కాలేదు.

మంచు తోసే బండి నడిపే రెయ్నో అటుగా రాకపోతే ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం. కిటికీ తట్టి, "ఏం ముసలాయనా, చొక్కాలో ఏం దాచావు, సారాయా?" అన్నాడు. "పాము" అన్నాను. "సారాయి అని చెప్పినా ఎక్కించుకుంటాను కదయ్యా, అబద్ధమెందుకు?" అన్నాడు. అంతలో మక్కరా కాలర్లోంచి తల బయటపెట్టింది. ఆ తర్వాత కయానీ దాకా రెయ్నో తలుపుకు అతుక్కుని బండి నడిపాడు.

దారంతా నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎందుకో చెబుతాను.

పోయిన మార్చిలో పొగ ఆగింది మంగళవారం పొద్దున. నేను వెళ్ళింది బుధవారం మధ్యాహ్నం.

క్రిస్మస్‌కు వాడికీ నాకూ మాటామాటా పెరిగిన సంగతి నీకు తెలుసు. "తగ్గి కైసా దగ్గరికి వెళ్ళరా" అన్నాను. "పిలిస్తే తప్ప మా గడప తొక్కకు నాన్నా" అన్నాడు. మనలో పిలవని ఇంటికి ఎవరు వెళతారు? తండ్రైనా సరే. అందుకని రోజూ పొద్దున కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి సరస్సు అవతల పొగ చూసేవాణ్ణి. పొగ ఉంటే కొడుకున్నాడు. ఆ మంగళవారం పొగ లేదు. తొలి బస్సెక్కి నీ దగ్గరికి వెళ్ళిపోయాడనుకున్నాను. సంతోషించాను తల్లీ. ఇంకో కప్పు కాఫీ కూడా పోసుకున్నాను.

బుధవారం వెళ్ళేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది. కుండలో నీళ్ళ మీద పొర కట్టింది. వాడు మంచంలో రెండు కంబళ్ళ కింద ఉన్నాడు. స్వెట్టరు లోపల మక్కరా. దాన్ని తీసి పట్టుకున్నాను. చల్లగా లేదు.

డాక్టరు కాగితంలో మంగళవారం గానీ బుధవారం గానీ అని రాశారు. మంగళవారమే అని నాకు నేను చెప్పుకున్నాను. పాము కదా, దానికేదో దాని వేడి ఉండి ఉంటుంది, ఒక రోజంతా నిలిచి ఉంటుంది అనుకున్నాను. పదకొండు నెలలు ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోయాను. నిన్న అడవిలో అది కూడా పోయింది. నేను వెళ్ళిన రోజు పొద్దున నీ మొగుడు బతికే ఉన్నాడు. పొయ్యి రాజేసే ఓపిక లేక, ఉన్న వేడి పాముకిచ్చి పడుకున్నాడు. ఇరవై నిమిషాల దూరంలో నేను కాఫీ తాగుతున్నాను.

నీకూ, పోలీసులకూ "వెంటనే వెళ్ళాను" అన్నది అబద్ధం. నువ్విక రాయకపోతే అర్థం చేసుకుంటాను.

తౌనో


కయానీ,
ఫిబ్రవరి 17

మామయ్య గారికి,

మీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేశాను. వెంటనే చెయ్యి పెట్టి తీశాను. అంచులు కాలాయి. వేళ్ళు కూడా కాలాయి, అందుకే రాత ఇలా ఉంది.

నా దగ్గరా ఒకటుంది. ఆ మంగళవారానికి ముందు ఆదివారం ఇల్మో నాకు ఫోను చేశాడు. మాటకు మాటకు మధ్య దగ్గు. "మీ నాన్న వచ్చారా?" అన్నాను. "రాడు. పొగ చూస్తుంటాడు. అందుకే లేచి లేచి పొయ్యి పెడుతున్నాను, బెంగపడతాడని" అన్నాడు. "మరి నువ్వు లేవలేకపోతే?" అంటే నవ్వాడు. "అప్పుడు పొగ ఆగుతుంది. పొగ ఆగితే వచ్చేస్తాడులే. అదే పిలుపనుకో" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఇది మీకు చెప్పలేదు. మీరు వెంటనే వెళ్ళారన్నారు కాబట్టి చెప్పే అవసరం లేదనుకున్నాను. కొడుకు పిలిచాడు, తండ్రి వెళ్ళాడు, అంతే చాలనుకున్నాను. ఆ మాట పట్టుకునే నేనూ నిద్రపోయాను.

మంగళవారం మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. మీకు చేద్దామని నంబరు తీశాను. "మామయ్య ఎదురుగానే ఉన్నారు కదా, నేను కల్పించుకోవడమెందుకు" అని పెట్టేశాను. నాతో విడిగా ఉంటున్న మనిషి కదా అనుకున్నాను. మీరు కిటికీ దగ్గర, నేను ఫోను దగ్గర. మర్యాదస్తులం ఇద్దరం.

మీ మీద కోపం ఉంది. పోదు. నా మీదున్నదీ పోలేదు. క్షమించానని రాయను, ఎందుకంటే నిజం కాదు.

మక్కరా గొంతులో గుర్రు వినబడుతోంది. చలి తగిలిందని పశువుల డాక్టరు చెప్పింది, సూదిమందు వేస్తున్నాం. బతుకుతుందో లేదో చెప్పలేనంది. విల్యా పెట్టె పక్కనే పడుకుంటోంది. "తాత చొక్కాలో వచ్చింది" అని బళ్ళో అందరికీ చెప్పింది. మిగతాది ఇప్పుడు చెప్పను. పెద్దదయ్యాక మీరే చెప్పాలి. అందుకు మీరు ఉండాలి.

ఇరవై ఆరున విల్యా, నేనూ అక్కడికి వస్తున్నాం. ఓలుకు నా కారులోనే వెళదాం, మీ డీజిల్ మీద నాకు నమ్మకం లేదు. మీరు పిలవలేదు. తెలుసు.

ఈ ఉత్తరం అందిన మర్నాటి నుంచి రోజూ పొద్దున ఎనిమిదికి విల్యా మీకు ఫోను చేస్తుంది. ఎత్తకపోతే బస్సెక్కి ఎక్కడికో వెళ్ళారని అనుకోను. కారు తీస్తాను. మధ్యాహ్నం దాకా కూడా ఆగను.

కోడలు,
కైసా