కౌన్సిల్ హాల్లో ఒక కుర్చీ

చిలకలవాగు,
జూన్ 8

మునిసిపల్ కమిషనర్ గారికి ఆరో వార్డు నేత వాడ నుంచి సావిత్రమ్మ నమస్కారాలు.

అయ్యా, మేమంతా క్షేమం. మీరూ, మీ ఆఫీసూ క్షేమమని తలుస్తాను. ముందుగా, మొన్న మా వాడలో మోరీ తీయించినందుకు కృతజ్ఞతలు. వాసన పోయింది. దోమలు పోదామా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాయి.

అసలు సంగతి ఇది. బస్టాండు వెనుక ఖాళీ జాగ ఉంది కదా. రోజూ పొద్దున్నే మా వాడ ఆడవాళ్ళమంతా అక్కడే పడుగు చాపుకుంటాం. అంటే, చీరకు కావలసిన నిలువు పోగులను మగ్గానికి ఎక్కించే ముందు బారుగా పరిచి, తెగినవి అతికి, సరిచేసుకుంటాం. ఇళ్ళల్లో అంత పొడవు ఎక్కడిది? మా ఇంట్లో చాపితే ఒక కొస వంటింట్లో ఉంటుంది, రెండో కొస పక్కింటి రెబెకా మంచం కిందికి పోతుంది.

ఆ జాగను ఎవరికో ఇచ్చేస్తున్నారని, కౌన్సిల్ మీటింగులో దాని మాటే నడుస్తోందని చెవిన పడింది. కనుక్కుందామని వచ్చాను. హాలు తలుపు మూసి ఉంది. అటెండరు శ్రీశైలం ముందర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"లోపల ఏం మాట్లాడుతుండ్రు బిడ్డా?" అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తది పెద్దమ్మా, నేను బయటున్న గద."

"మరి బయటోళ్ళకు ఎవరు చెప్తరు?"

"లోపలోళ్ళు."

"వాళ్ళెప్పుడొస్తరు?"

"వాళ్ళు ఎనక తలుపు నుంచి పోయిండ్రు."

కాబట్టి నా మనవి ఒక్కటే. వచ్చే మీటింగుకు కౌన్సిల్ హాల్లో నాకొక కుర్చీ ఇప్పించండి.

మీ మేలు మరువని
సావిత్రమ్మ

తా.క. నాకు మోకాళ్ళ నొప్పులు. చేతుల కుర్చీ అయితే లేవడానికి సులువు.

*

పురపాలక సంఘ కార్యాలయం, చిలకలవాగు
జూన్ 13

శ్రీమతి సావిత్రమ్మ గారికి,

విషయం: కుర్చీ మంజూరు గురించి.

తమరి అర్జీ అందినది. పరిశీలించడమైనది. పౌరులకు కుర్చీలు పంపిణీ చేయు పథకమేదీ ప్రస్తుతం ఈ కార్యాలయం వద్ద లేదని తెలుపుటకు చింతిస్తున్నాము. మోకాళ్ళ నొప్పుల విషయమై ప్రభుత్వ దవాఖానలో చూపించుకొనగలరు.

మోరీ గురించి తమరు తెలిపిన కృతజ్ఞతలను సంబంధిత విభాగానికి పంపడమైనది. ఇటువంటిది వారికి మునుపెన్నడూ రానందున, దీనిని ఏ ఫైలులో పెట్టాలని వారు అడుగుచున్నారు.

కమిషనర్ గారి తరఫున
శ్రవణ్ కుమార్, జూనియర్ అసిస్టెంట్

తా.క. చేతుల కుర్చీ మా కార్యాలయంలో ఒక్కటే ఉన్నది. అది చైర్‌పర్సన్ గారిది.

*

చిలకలవాగు,
జూన్ 16

దయగల ఆఫీసు వారికి సావిత్రమ్మ మళ్ళీ నమస్కరించి రాస్తున్నది.

ఓపికగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. గవర్నమెంటు ముద్ర ఉన్న ఉత్తరం నా పేరు మీద రావడం ఇదే మొదలు. వాడంతా తిరిగి చూపించాను.

కానీ అయ్యా, మీరు నా మాటను మరోలా తీసుకున్నారు. కుర్చీ నాకు ఇంటికి వద్దు. అక్కడే ఉండనీయండి. నేనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేసే మా రెబెకా గద్వాల పోయి ఒక వకీలును అడిగి వచ్చింది. "కౌన్సిల్ మీటింగంటే బహిరంగం. జనం పోయి సూడొచ్చు. లొల్లి చెయ్యకుంటే సాలు" అన్నాడట.

ఈ మాట చెబితే వాడ ఆడవాళ్ళంతా "నీ ఎనక మేమున్నం సావిత్రక్కా, నువ్వు కూసో" అన్నారు. అందరి సంతకాలూ జతచేశాను.

మీ జవాబు కోసం చూసే
సావిత్రమ్మ

తా.క. సంతకాల కాగితం మీద పసుపు మరకలు ఉన్నాయి. అవి ఏ పార్టీ గుర్తూ కాదు. కూర వండుతూ సంతకాలు పెట్టాం.

*

పురపాలక సంఘ కార్యాలయం, చిలకలవాగు
జూన్ 20

శ్రీమతి సావిత్రమ్మ గారికి,

విషయం: బహిరంగ సభ మరియు చైర్‌పర్సన్ కుర్చీ.

తమరు తలపెట్టిన బహిరంగ సభకు పోలీసు వారి అనుమతి, మైకు అనుమతి ముందుగా పొందవలెను.

ఇక "నేనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను, వాడంతా నా వెనుక ఉన్నది" అన్న తమరి ప్రకటన విషయం. చైర్‌పర్సన్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టు అధికారం కౌన్సిలర్లకు మాత్రమే కలదు. తమరు కౌన్సిలర్ కారు. అయినను విషయం తీవ్రమైనందున ప్రతులను కమిషనర్ గారికి, చైర్‌పర్సన్ గారికి, వైస్ చైర్మన్ గారికి పంపడమైనది.

కమిషనర్ గారి తరఫున
శ్రవణ్ కుమార్, జూనియర్ అసిస్టెంట్

తా.క. అమ్మా, ఇది ఆఫీసు మాట కాదు, పెన్నుతో రాస్తున్న నా మాట. చైర్‌పర్సన్ సింధూజ మేడం భర్త నరేందర్ సార్ పొద్దటి నుంచి "ఎవరీ సావిత్రమ్మ? ఏ పార్టీ? ఎనకెవరున్నరు?" అని అడుగుతున్నారు. వెనుక వాడంతా ఉందని మీరే రాశారు కదా, అదే చెప్పాను. ఆయన మంచినీళ్ళు అడిగారు.

*

చిలకలవాగు,
జూన్ 25

బిడ్డా శ్రవణ్ కుమార్, నీకు సావిత్రమ్మ దీవెనలు.

ఈసారి కమిషనర్ గారికి కాక నీకే రాస్తున్నాను. పెన్నుతో రాసిన మాట చూశాక నువ్వు మనిషివేనని తెలిసింది.

మీ ఉత్తరం అందిన మర్నాడు మా గుమ్మం ముందు ఆటోలో ఒక కుర్చీ దిగింది. చేతులున్నాయి, మెత్త కూడా ఉంది. నరేందర్ సార్ మనిషి ఒకడు దాన్ని దింపి, "సారు పంపిండు. గిండ్ల ఇంట్లనే కూసోవాల్నంట, ఆడికి రావొద్దంట" అని చెప్పిపోయాడు. వాడు సందు దాటాడో లేదో, వైస్ చైర్మన్ కురుమూర్తి గారు శాలువాతో వచ్చారు. నాకు కప్పి, ఫోటో తీయించుకుని, "పేరు నీది పెడ్తం పెద్దమ్మా, ఎనక నుంచి మేం నడిపిస్తం" అన్నారు.

"యాడికి నడిపిస్తరయ్యా, నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నాను. ఆయన నవ్వలేదు.

రెండూ మంచి వస్తువులే. ఇద్దరికీ కృతజ్ఞతలు. కానీ కుర్చీ వేస్తే మగ్గం పక్కన కాలు పెట్టే సందు లేదు. ఈ ఉక్కపోతలో శాలువా కప్పుకుంటే నన్నే దవాఖానకు మోయాలి. అందుకని రెండింటినీ ఆటోలో వెనక్కి పంపాను.

నాకు ఎవరి కుర్చీ వద్దు బిడ్డా. మా జాగ గురించి ఏం మాట్లాడుతున్నారో వినాలి. అంతే.

నీ మంచి కోరే
సావిత్రమ్మ

తా.క. ఆటో అతను తికమకపడి కుర్చీని కురుమూర్తి గారింట్లో, శాలువాను నరేందర్ సార్ ఇంట్లో దించి వచ్చాడట. దాంతో ఇబ్బందేమీ రాలేదు కదా?

*

పురపాలక సంఘ కార్యాలయం, చిలకలవాగు
జూన్ 30

శ్రీమతి సావిత్రమ్మ గారికి,

విషయం: కౌన్సిల్ సమావేశం చూచుటకు అనుమతి.

చైర్‌పర్సన్ భర్త గారు పంపిన కుర్చీ వైస్ చైర్మన్ గారి ఇంటికి చేరినదన్న వార్తతో ఈ కార్యాలయంలో రెండు రోజులు పని జరుగలేదు. అనంతరం కమిషనర్ గారు తమరి ఉత్తరాలను మొదటి నుంచి స్వయంగా చదివి, "ఆమె అడిగింది కూర్చుని చూస్తాననే కదా" అన్నారు. అందరూ మరొకసారి చదువగా అట్లే ఉన్నది.

ఇన్నాళ్ళు తలుపు ఎందుకు మూసి ఉంచారని విచారించగా, ఉత్తర్వు ఏదీ దొరకలేదు. ఒక వానాకాలంలో కుక్క లోపలికి వచ్చిందని మూసినట్లు శ్రీశైలం తెలిపినాడు. ఆ కుక్క ఇప్పుడు లేదు.

తమరు, తమ వాడవారు వచ్చే శుక్రవారం సమావేశానికి రావచ్చును. సమావేశంలో మాట్లాడరాదు.

కమిషనర్ గారి తరఫున
శ్రవణ్ కుమార్, జూనియర్ అసిస్టెంట్

తా.క. అమ్మా, ఆ రోజు నన్ను నాగర్‌కర్నూల్‌లో శిక్షణకు పంపుతున్నారు. జరిగింది జరిగినట్టు నాకు రాయండి. మినిట్స్ పుస్తకంలో "సభ్యులు చర్చించి ఆమోదించిరి" అని మాత్రమే ఉంటుంది.

*

చిలకలవాగు,
జులై 4

బిడ్డా శ్రవణ్, చల్లగా ఉన్నావా?

నిన్న మీటింగుకు పోయాం. శ్రీశైలం తలుపు తీసి, అది మళ్ళీ మూసుకోకుండా ఇటుక పెట్టాడు. కమిషనర్ గారు లేచి నమస్తే పెట్టి, మాకు కుర్చీలు చూపించారు. ఆ మర్యాద మరిచిపోను.

తొందరలో కళ్ళద్దాలు ఇంట్లో మరిచాను. ఎదురుగా పెద్ద కుర్చీలో ఎవరో మనిషి ఉన్నారని మాత్రం తెలుస్తోంది. ముందున్న పేరు పలక మీద ఏముందని రెబెకాను అడిగితే, "శ్రీమతి సింధూజ, చైర్‌పర్సన్" అని చదివింది. మాట్లాడరాదని నువ్వు రాశావు. నిజమే. కానీ నమస్కారం పెట్టకుండా ఎలా ఉంటాం? రెబెకా కొంగు లాగుతున్నా లేచి, "సింధూజమ్మా, నమస్తే. నీ కడుపు సల్లగుండ, మమ్మల్ని లోపలికి రానిచ్చినవ్" అన్నాను.

"నమస్తే" అని జవాబు వచ్చింది. బొంగురు గొంతు.

"అయ్యో, గొంతు పట్టిందా తల్లీ? మిర్యాల కషాయం తాగు, తగ్గుతది" అన్నాను.

వెనుక వరుసలో ఒక కౌన్సిలరమ్మ నవ్వింది. ఆపుకోలేక ఇంకొకామె. అప్పుడు చెప్పింది రెబెకా, చెవిలో: "పెద్దమ్మా, ఆమె కాదు. ఆమె మొగడు."

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. కానీ కమిషనర్ గారు లేచి, "పెద్దమ్మ తప్పేం లేదు. పలక మీద పేరున్నామె రావాలె. అప్పటిదాక మీటింగు నడవది" అన్నారు. ఇన్నాళ్ళు మూసిన తలుపుల వెనుక ప్రతి మీటింగుకూ ఆమె బదులు నరేందర్ సారే కూర్చున్నాడట! బయటివాళ్ళు చూస్తుండగా మాత్రం ఎవరూ దాన్ని సరే అనలేకపోయారు.

మేడం గారు పక్క వీధి బడిలో పాఠం చెబుతున్నారట. ఫోను చేస్తే చేతికి చాక్‌పీసు పొడితోనే వచ్చారు. భర్తతో మెల్లగా, "మీరు జర బయటుండుండ్రి" అని కుర్చీలో కూర్చుని, కాగితం పైకి చదివారు. బస్టాండు వెనుక నిరుపయోగంగా ఉన్న ఖాళీ స్థలాన్ని ఫంక్షన్ హాలుకు ఇచ్చుట అని ఉంది.

"నిరుపయోగమని ఎవరు రాసిండ్రు? పోయి సూసిండ్రా?" అని అడిగారు. మా వైపు చూశారు. మాట్లాడరాదు కనుక మేమంతా నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నాం.

"మాట్లాడుండ్రమ్మా, నేను చెప్తున్న గద."

ఇక అందరం ఒక్కసారే మొదలుపెట్టాం. చివరికి రెబెకా ఒక్కతే నిలబడి చెప్పింది. "అది ఖాళీగ ఎందుకు కనబడ్తదంటే మేడం, మేం పని కాంగనే ఊడ్సి పోతం. ఊడ్వకుంటే ఖాళీ కాదంటుంటిరి గద!"

మేడం నవ్వి, "రేపు పొద్దుగాల నేనొచ్చి సూస్త. అప్పటిదాక ఇది పక్కకు పెట్టుండ్రి" అన్నారు.

ఈ పొద్దున నిజంగానే వచ్చారు. పడుగు కొస పట్టుకుని నిలబడ్డారు. రెండు పోగులు తెంపారు కూడా. అయినా ఎవరం ఏమీ అనలేదు.

నీ వల్లే ఇదంతా అయింది బిడ్డా, నీకు వెయ్యి దండాలు. ఒక్క మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు మంచివాడివే. కానీ చదివింది అర్థం చేసుకోవడంలో జర వెనుకబడ్డావు. సాయంత్రాలు మా వాడకు రా. రెబెకా పిల్లలకు ట్యూషన్ చెబుతుంది, నీకూ చెబుతుంది.

నీ పెద్దమ్మ
సావిత్రమ్మ

తా.క. నరేందర్ సార్‌కు కషాయం సీసా పంపాను. ఆయన గొంతు నిజంగానే బాగాలేదు.

*

చిలకలవాగు,
ఆగస్టు 8

పెద్దమ్మా, శ్రవణ్ కుమార్ నమస్కారాలు. ఈసారి ముద్ర లేదు, విషయం లైను లేదు.

మీరు అమరచింతలో చెల్లెలింట్లో ఉన్నారని రెబెకా చెప్పింది. నిన్నటి మీటింగు మీరు చూడలేదు కనుక చెప్పడం నా వంతు. ఫంక్షన్ హాలు తీర్మానం కొట్టేశారు. ఆ జాగ మీ పడుగులకే ఉంటుందని తీర్మానించి, అందరి ముందు చదివారు. అక్కడ ఒక నీళ్ళ నల్లా కూడా వేస్తారట. అది మీరు అడగలేదు. మేడం గారే అడిగారు.

ఇక ట్యూషన్ సంగతి. పెద్దమ్మా, నేను తెలుగులో ఎం.ఏ. చదివాను. మీ మొదటి ఉత్తరం మొదటిసారి చదవగానే నాకు పూర్తిగా అర్థమైంది.

మీకంటే ముందు కూడా మీటింగు చూస్తామని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆ అర్జీలు "పరిశీలించడమైనది" అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. మర్యాదగా అడిగిన మాట మా ఆఫీసులో మెట్లు ఎక్కదు. కానీ "కుర్చీ" అంటే చైర్మన్లు చదువుతారు, "బహిరంగ సభ" అంటే పోలీసులు చదువుతారు, "అవిశ్వాసం" అంటే అందరూ చదువుతారు. మీరు చేతుల కుర్చీ అడిగిన రోజు నాకు దారి కనబడింది. మీ ఉత్తరాలు ఉన్నవి ఉన్నట్టే పైకి పంపాను. తప్పుగా అర్థం చేసుకోవడం ఒక్కటే నేను చేసిన పని. దానికి చాలా కష్టపడ్డాను.

లోపల ఎవరు కూర్చుంటున్నారో నేను చెబితే ఫిర్యాదు అయ్యేది. మీరు నమస్కారం పెడితే సరిపోయింది. ఎవరినీ ఒక్క మాట అనకుండా, ప్రతి ఉత్తరంలో కృతజ్ఞతలు చెబుతూ ఆ తలుపు తెరిపించారు. మీ మోరీ కృతజ్ఞతల ఉత్తరాన్ని పారిశుద్ధ్య సిబ్బంది ఏ ఫైలులోనూ పెట్టలేదు. గోడకు అంటించుకున్నారు.

మీకు రుణపడిన
శ్రవణ్

తా.క. నిన్న నరేందర్ సార్ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. శ్రీశైలం "లోపలికి పోండ్రి సారూ, ఎవరైన పోవచ్చు" అంటే వచ్చి జనంలో రెబెకా వెనుక కూర్చున్నారు. మంచినీళ్ళ పైపు ఎందుకు ఆగిందని మేడం ఇంజనీరును నిలబెట్టి అడుగుతుంటే, ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించడం కూడా మరిచిపోయి, ముందు వరుసంతా వినేలా అన్నారు: "సూసిండ్రా ఎట్ల అడుగుతుందో! మా ఇంటామెనే!"