గోమేధికం కాదు, వజ్రమే

కేంబ్రిడ్జ్, ఆంటారియో

మావయ్యా,

నలభై ఏళ్లుగా నగల్లో రాళ్లు పొదుగుతున్నవాడివి, నువ్వే చెప్పాలి. మా నిశ్చితార్థం ఉంగరానికి జయదేవ్, నేను కలిసి నారింజ రంగు వజ్రం కొన్నాం. షాపులో ఒకేలా కనిపించే రెండు రాళ్లు చూపించారు. ఒకదానికి భూమిలోనే ఆ రంగు పట్టిందట, రెండోదానికి మెషీన్‌లో తెప్పించారట. మేం మొదటిదే తీసుకున్నాం. అందులో కాస్త గోధుమ ఛాయ ఉంది, అందుకే మా స్తోమతకి అందింది. రంగు సహజమేనని ల్యాబ్ రిపోర్టులో ఉంది. ఫొటో జత చేశాను.

ఆదివారం జయదేవ్ వాళ్లమ్మ సీతాదేవి గారు నా వేలు చూసి, "గోమేధికం పెట్టుకున్నావేంటమ్మా? జాతకంలో రాహు దోషం ఉందా? మాకు చెప్పలేదే!" అన్నారు. వజ్రమేనండీ అని రిపోర్టు చూపించాను. "వజ్రం ఎక్కడైనా ఈ రంగులో ఉంటుందా?" అన్నారు.

జయదేవ్ ఏమైనా అంటాడేమోనని చూశాను. "రిటర్న్ చేసేసి తెల్లది తీసుకుందాంలే," అన్నాడు. ఆ రంగు ఏరింది అతనే, మావయ్యా! తర్వాత కారులో అడిగితే, "ఏమో, నిజంగానే మోసపోయామేమో," అన్నాడు.

రిటర్న్‌కి శనివారం ఆఖరు. ఉంగరం ఇవ్వనన్నాను, ఇంకా నా వేలికే ఉంది. నువ్వు ఫోన్ చేసి చెబితే అతను నమ్ముతాడట. నువ్వు ఆ రాయిని చూడనైనా లేదు. షాపులో పక్కనే నిలబడి అన్నీ విన్న నా మాట ఎందుకు చాలలేదో నాకు అర్థం కావడం లేదు. అతనికి చేసే ముందు ఒకసారి నాకు ఫోన్ చెయ్యి.

నీ మేనకోడలు