గడ్డం మీది చుక్కలు

ఖమ్మం, మంగళవారం

అమ్మీకి సలాం. నీ ఫోను మూడు రోజులుగా కలవడం లేదు, అందుకే ఈ కార్డు. నా ఒంట్లో బాగానే ఉంది, భయపడకు. భయమంతా ఇక్కడ నేను పని నేర్చుకునే ఫొటో స్టూడియోలోనే.

పినపాక అవతలి గూడెం నుంచి ఒకాయన వచ్చి, చనిపోయిన తల్లి ఫొటో పెద్దది చేయమని మెమరీ కార్డు ఇచ్చి వెళ్లాడు. ముఖం మీద మచ్చ కనిపిస్తే తీసెయ్యాలని సార్ నేర్పారు. గడ్డం మీది పచ్చబొట్టు చుక్కలు కూడా మచ్చలే అనుకుని చెరిపేశాను. పైగా ఆ ఫొటో మీదే సేవ్ చేశాను, పాతది పోయింది. ఆమెకు ఉన్న ఫొటో అదొక్కటే. నిన్న ఆయన చూసి అరవలేదు. "ఏంది బిడ్డా, పచ్చబొట్టు ఏడవోయింది? సచ్చినంక మనిషెంట పోయేది గదొక్కటే గద" అని బెంచీ మీద కూలబడ్డాడు. ఎన్ని చుక్కలని అడిగితే ఆయనకూ సరిగ్గా గుర్తు రాలేదు. ఆదివారం ఆమె దినాలు, ఫొటో అప్పటికి కావాలి. సార్‌కు ఇంకా చెప్పలేదు.

ఆమె పేరు సోడె లచ్చమ్మ. ఏటా గాజులు అమ్మడానికి ఆ గూడెం వెళ్లి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని తొడిగినదానివి, నీకు గుర్తుండే ఉంటుంది. మూడా, అయిదా? వరుసగానా, గుండ్రంగానా? కాగితం మీద గీసి, జల్దీ ఖమ్మం బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపు.

అబ్బాను మోకాళ్ల నొప్పికి దవాఖానాకు తీసుకెళ్లావా? చెల్లి జెబాకు నా ముద్దులు. పోయిన నెల నేను పంపిన నీ ఫొటో గోడకు పెట్టి ఉంటే దించెయ్యి అమ్మీ. అందులో నీ చెంప మీది కాలిన మచ్చ లేదు.

నీ ఆఫియా