తొట్టి మూతకు తాళం

అన్నయ్యా,

నిన్న పనివాళ్లందరి ముందూ నీ చెయ్యి పట్టుకుని లాగేశానని నీకు కోపం వచ్చిందట, వదిన చెప్పింది. "కంపు పోయింది, ఇక దిగుతా" అంటూ మురుగు తొట్టిలోకి కాలు పెట్టావు. కంపు పోలేదు, నీ ముక్కే మొద్దుబారింది. గాలి తగలని ఆ బురదలో ఉండే సూక్ష్మజీవులు, మనం గాలి పీల్చినట్టు, నీళ్లలోని సల్ఫేటును వాడుకుని, ఆ కంపు కొట్టే విషవాయువు వదులుతాయి. అది మరీ ఎక్కువైతే వాసనే తెలియదు. ల్యాబులో నేను రోజూ కొలిచేది దాన్నే.

గాలి కొట్టే మిషను వచ్చేదాకా మూతకు తాళం వేశాను. మేస్త్రీగా అడిగినా, అన్నయ్యగా అడిగినా తాళంచెవి ఇవ్వను. తిట్టాలనుంటే ఇంటికి రా, భోంచేసి తిట్టు.

నీ చెల్లి