పండ్ల క్యాంపుకు సంచులు పట్టుకొచ్చిండ్రు అక్కా

సుగుణక్కా, ఎట్లున్నవ్?

నువ్వు పోయి ఎనిమిది నెలలు అయితుంది. మన పండ్ల దవాఖానల నీ కుర్చీల ఇప్పుడు నేనే కూసుంటున్న. నీ ఎత్తుకు పెట్టుకున్నవ్ కదా, నా కాళ్లు నేలకు అందుతలేవు. తగ్గిద్దామంటే మనసొస్తలే...

మా అత్త మారలే. పండ్ల మీది గార గీకుడు, చిగుర్లు సూసుడు, మందికి తోముకునుడు నేర్పుడు... ఇదో నౌకరా అని ఇప్పటికీ అడుగుతది. నువ్వైతే మొదటి దినమే చెప్పినవ్, "నోరు తెరిసిండంటే మనిషి నిన్ను నమ్మిండు. నమ్మినోని ముందట నవ్వకు" అని. గా మాట కోసం మాస్కు ఎనక ఎన్నిసార్లు పెదవి కొరుక్కున్ననో నీకు తెల్వదా?

ఈ నడుమ ఒకసారైతే పెదవి తెగుతదనుకున్న.

నువ్వు పోయినంక ఐతారం క్యాంపులు బందైనయ్. డాక్టర్ సార్‌కు తీరదు, నాకు ధైర్యం లేదు. ఊర్లకెల్లి మాత్రం ఫోన్లు... పెద్దమేడం ఎప్పుడొస్తది అని. ఏం చెప్పాలె? ఆఖరికి సార్‌ను బతిమాలి, నువ్వు మాటిచ్చిన ఊరికే పోదామని ఒప్పిచ్చిన. చాటింపు ఎయ్యమని పంచాయతీల ముందే చెప్పిన. ఆడ పనులు సూసే కారోబార్ మైకుల చాటిచ్చిండు... ఐతారం పొద్దుగాల బడికాడ పండ్ల క్యాంపు, అంత ఫిరీ అని.

పండ్లంటే ఆళ్లకు తినే పండ్లే యాదికొచ్చినయ్!

మేం మంచిర్యాల నుంచి పోయేసరికి బడి నిండ జనం. ఒక్కొక్కల చేతిల సంచి. ఒకామె గంప తెచ్చింది. ఒకాయన సైకిల్‌కు రెండు బస్తాలు కట్టుకొని వచ్చిండు. జామపండ్లా, అరటిపండ్లా అని అడుగుతుండ్రు. నేను సంచిల నుంచి బ్రష్ తీసి సూపెట్టిన. అందరి మొకాలు ఎట్లయినయంటే... సార్ కారు ఎనకకు పోయి కడుపార నవ్వుకొని వచ్చిండు. నేను పోలే. నవ్వలే. నీ మీద ఒట్టు.

సగం మంది తిట్టుకుంట పోయిండ్రు. లచ్చవ్వ అని ఒక ముసలామె మాత్రం, పండ్లియ్యకపోతే లేవనని నా ముందటి కుర్చీల కూసున్నది. చేను ఇడిసిపెట్టి వచ్చిందట, కోతులను నువ్వు కొడ్తవా అని తిట్టుడు షురూ చేసింది. నోరు బాగనే తెరిసింది కదా అని టార్చి ఏసిన. ఇంకా గట్టిగ తిట్టు అవ్వా అన్న. ఆమె పరేషానయింది. పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి ఎవ్వలు గట్ల అడుగలేదట.

ఎడమ దవడ లోపట తెల్లటి మచ్చ అక్కా. తంబాకు పెట్టుకునే జాగల. గ్లౌజు మీదికెల్లి గూడ గరుకుగ తగిలింది.

సార్‌ను పిలిచిన. సూసి, కరీంనగర్ పోయి చిన్న ముక్క తీపిచ్చి పరీక్ష చేయించాలె అన్నడు. లచ్చవ్వ వింటే కదా! నొప్పి లేనిదానికి దవాఖాన ఎందుకట. "భయపెట్టకు, అబద్ధం చెప్పకు... ఎంబడి పడు" అంటుంటివి. పడ్డ. మూడు వారాలు ఫోన్ మీద ఫోన్. ఒకసారి ఆమే ఎత్తి, లచ్చవ్వ సచ్చిపోయింది అన్నది. మరి నువ్వెవరంటే, ఆమె చెల్లెనట. సరే, చెల్లె గూడ నోరు సూపెట్టుకోవాలె అన్న.

గా మాటకు నవ్విందో, ఇసుగొచ్చిందో... తెల్లారి నా ఎంబడి కరీంనగర్ బస్సెక్కింది. ముక్క తీసేదాంక నా చెయ్యి ఇడువలే. గోర్లు దిగినయ్. రిపోర్టు వచ్చిందా అని దినాం ఆ దవాఖానకు ఫోన్ చేసిన.

క్యాన్సర్ కాదన్నరక్కా! తంబాకు ఇడువకపోతే కావచ్చన్నరు. ఇడిసింది. ఇప్పుడు నోరు ఊకుంటలేదని రోజు ఫోన్ చేసి నన్నే తిడుతది.

రిపోర్టు తీస్కొని వస్తుంటే బస్సుల ఆమె నా బుజం మీద పండుకున్నది. నాకేమో నీ మీద కోపం... ఊరూరు తిరిగి, నొప్పి రాకముందే సూపెట్టుకోండ్రి అని చెప్తివి. ఛాతిల మంటకు మాత్రం గ్యాస్ గోళీలు మింగి, "నాకేమైతది పిల్లా" అంటివి. మేం నమ్మినం, నీ గుండె ఆగేదాంక. నీ ఎంబడి నేనెందుకు పడలే అక్కా?

మంగళారం పోయి నా బీపీ సూపిచ్చుకున్న. ఎక్కువనే ఉన్నదట. ఉప్పు తగ్గియ్యాలె, మామిడికాయ తొక్కు బంద్ అన్నరు. గోళీ ఒక్క పూట గూడ తప్పియ్య, ఫికర్ చెయ్యకు. తొక్కు సంగతి... జర టైం ఇయ్యి.

నీ రజిత