వేలెడు అడవి

థార్న్‌బెక్,
4 సెప్టెంబరు 2017

ప్రియమైన తమ్ముడు క్లెమ్‌కి,

అక్క రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు మాత్రం వాటికి బుద్ధి పుట్టినప్పుడు బాగుంటున్నాయి. ఈ ఉత్తరం ఏమిటి, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో మనం వాతావరణం దాటి ఏనాడైనా ముందుకెళ్లామా? అక్కడ వానా, ఇక్కడా వానే, సరే ఉంటాను. ఎన్నేళ్లుగానో ఇదే వరస. అందుకే కాగితం తీశాను.

నాన్న మ్యాపు తడిసిపోయింది. ఇప్పుడది ఉంటున్న గ్రంథాలయం పైకప్పు కారింది, వారం రోజులు ఎవరూ పట్టించుకోలేదు, ఎడమ సగమంతా నీళ్లు తాగేసింది. మిసెస్ ఫాదర్‌గిల్ అని ఇప్పుడు మన చరిత్ర సంఘానికి కార్యదర్శి, నువ్వు వెళ్లిపోయాక ఈ ఊరొచ్చింది. ఆవిడ దాన్ని కారులో వేసుకొచ్చి నా వంటింటి బల్ల మీద పరిచి, "మీ నాన్నగారిది, మీరే ఆరబెట్టుకోండి" అని చేతులు దులుపుకుని పోయింది. సంఘం ఒక పుస్తకం వేస్తోంది. విక్టోరియా రాణి కాలంలో మన లోయలో నడిచి, ఇప్పుడు ఆనవాలు లేకుండా పోయిన మిల్లులూ, కొలుములూ, సున్నపు బట్టీలూ, తుపాకిమందు కార్ఖానా, అన్నీ అందులో ఉంటాయి. మొత్తం అరవై రెండు చోట్లు. అన్నీ నాన్న ఆ మ్యాపు మీద ఎర్ర సిరాతో చుట్టినవే. సంఘంలో ఇప్పటికీ అందరూ ఆయన మ్యాపునే చూసి రాసుకుంటారు. నెలాఖరుకి అచ్చుకి వెళ్లాలి.

ఆ మ్యాపు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వెంత వద్దనుకున్నా. 1888 నాటి సర్వే షీట్లు నాలుగు, నార గుడ్డ మీద అతికించి, చట్రంలో బిగించి, మన ముందుగది గోడంతా ఆక్రమించుకుని ఉండేది. నాన్న ఉత్తరాలు పంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా దాని ముందు నిలబడేవాడు. "ముందు పెళ్లాం మొహం చూడవయ్యా, కొండల మొహం తర్వాత చూద్దువు" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. అమ్మ గొంతు నిన్న మళ్లీ విన్నట్టే అనిపించింది, ఆ మ్యాపు పక్కన ఒక్కదాన్నే కూర్చుంటే.

నిన్న మధ్యాహ్నం టీ కలుపుకుని వచ్చేసరికి, రెండు షీట్లు కలిసే చోట అంచు పైకి లేచి ఉంది. పట్టుకుంటే ఉల్లిపొరలా వచ్చేసింది. దాని కింద వేలెడు వెడల్పున ఇంకో పట్టీ ఉంది, క్లెమ్. యాభై ఏళ్లు వెలుతురు తగలనిది, ఇవాళ కొన్న కాగితంలా తెల్లగా ఉంది. స్కార్ అడవి అది. బుల్లి బుల్లి చెట్ల బొమ్మలు, వాగులోంచి తీసిన కాలువ, దాని పక్కన పొడుగాటి గది ఆకారం, చీమ తలకాయంత అక్షరాల్లో "కండెల మిల్లు, శిథిలం". నూలు చుట్టే చెక్క కండెలు చేసే మిల్లన్నమాట. భూతద్దం తెచ్చుకుని మూడుసార్లు చదివాను.

నువ్వు చెప్పింది నిజం. పదమూడేళ్ల వయసులో నువ్వు ఏ పక్క కాలువ ఉందన్నావో ఆ పక్కే కాలువ ఉంది, ఏ పక్క గోడ అన్నావో ఆ పక్కే గోడ ఉంది. మైదా జిగురు తడికి కాగితం సాగి, ఒక షీటు ఇంకోదాని మీదికి జరిగినట్టుంది. మ్యాపు మీద వేలెడంటే నేల మీద యాభై గజాలు. ఒక మిల్లు దాక్కోవడానికి చాలు.

దీన్ని అరవై మూడో చోటుగా వేయిస్తాను. కనిపెట్టింది క్లెమెంట్ అని నీ పేరు కూడా. నీకేమైనా అభ్యంతరమా? డామ్సన్ పళ్ల జామ్ రెండు సీసాలు విడిగా పంపుతున్నాను. ఈసారి చెట్టు విరగకాసింది.

నీ అక్క,
హెస్టర్

* * *

థార్న్‌బెక్,
14 సెప్టెంబరు

క్లెమ్,

నీ కార్డు అందింది. ముందువైపు నీ ఓడరేవు బొమ్మ, వెనకవైపు "జామ్ బాగుంది. నా పేరు సంగతి తర్వాత. మిగతాది రాయి" అని మూడు ముక్కలు. మీ ఓడలవాళ్లు సిరాని కూడా మంచినీళ్లలా పొదుపుగా వాడతారేమో.

రెండు రోజులు ఆ కార్డుని టీ డబ్బాకి ఆనించి చూస్తూ కూర్చున్నాను. "మిగతాది" అనే మాట దగ్గర నా కళ్లు ఆగిపోతున్నాయి. ఏముంది మిగతాది అని బుకాయిస్తూ నీకు ఒక ఉత్తరం రాశాను కూడా. దాన్ని పొయ్యిలో పెట్టి, ఇది రాస్తున్నాను.

కాగితం దానంతట అది జరగలేదు. నేను జరిపాను. నాన్న చట్రాన్ని ముందే కొలతలిచ్చి చేయించాడు. అతికించే పని, నా చేతులు శుభ్రంగా ఉంటాయని, నాకిచ్చాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. తడి తగిలితే కాగితం సాగుతుందని నాకెవరూ చెప్పలేదు. నాలుగో షీటు పరిచేసరికి చట్రం కంటే వేలెడు ఎక్కువొచ్చింది. అంచు కత్తిరిద్దామంటే అంచుల్లో ఊళ్లున్నాయి, నాన్న రోజూ ఉత్తరాలిచ్చే ఇళ్లున్నాయి. మధ్యలో ఉన్నది అడవి. చెట్ల బొమ్మలే కదా, వేలెడు అడవి పోతే ఎవరికి లోటు అనుకున్నాను. కుడి షీటుని జరిపి ఎడమదాని మీద నొక్కేశాను. వాగు అక్కడ విరిగినట్టు కనబడితే పెన్సిల్‌తో కలిపేశాను. నాన్న వచ్చి చూసి మురిసిపోయి, "మా అమ్మాయి అతికిస్తే అతుకు కనబడదు" అని ఉత్తరాలతో పాటు ఆ కబురు కూడా గడపగడపకీ పంచాడు. ఆ పట్టీలో ఏముందో నేను చదవలేదు. ఇది మాత్రం నిజం, నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

మరుసటి వసంతంలో నువ్వు మోకాళ్ల దాకా బురదతో చర్చి హాల్లోకి వచ్చావు. సంఘం సమావేశం జరుగుతోంది, నేను కప్పుల్లో టీ పోస్తున్నాను. ఆ రోజు మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"నాన్నా, స్కార్ అడవిలో మిల్లుంది. చక్రం తిరిగే గుంట కూడా ఉంది."

"మ్యాపులో ఉందా?"

"మ్యాపులో లేదు. అడవిలో ఉంది."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "ఒరేయ్, ఇరవై రెండేళ్లుగా ఈ లోయంతా కాలినడకన తిరుగుతున్నాను. నా కాలు పడని మిల్లు నీకు దొరికిందా?"

"అడవిలో ఉత్తరాలు ఎవరికిస్తావు నాన్నా, అక్కడ నీ కాలు పడటానికి?"

ఆ మాటకి నవ్వు ఆగిపోయింది. నాన్నకి మొహం ఎర్రబడింది. "అది గొర్రెల దొడ్డిరా, వెధవా. నలుగురిలో అబద్ధాలాడటం ఎక్కడ నేర్చుకున్నావు? సరే, సంఘం నియమం తెలుసుగా. రెండు జతల కాళ్లు. ఇద్దరు వెళ్లి నిలబడితే గానీ ఏ చోటూ లెక్కలోకి రాదు. రెండో మనిషిని తీసుకెళ్లి చూపించు, ఎర్ర సిరా నేనే పోస్తాను."

నువ్వు నా వైపు తిరిగావు. "అక్కా, రావా?" అన్నావు.

నాకు తలనొప్పిగా ఉందన్నాను. నాకు ఏ తలనొప్పీ లేదు, క్లెమ్. స్కార్ అడవి అనగానే నా వేళ్ల కింద ఆ తడి కాగితం గుర్తొచ్చింది. వచ్చి చూస్తే మిల్లు ఉంటుందని నాకు తెలిసిపోయింది. ఉంటే మ్యాపు తప్పని తేలుతుంది, తప్పు ఎవరిదో కూడా తేలుతుంది. నాన్న నా చేతుల గురించి చెప్పుకున్న గొప్పలన్నీ ఆయన మొహం మీదే పడతాయి. ఆయన నిన్ను అబద్ధాలకోరు అంటుంటే నేను కప్పులు కడుగుతూ నిలబడ్డాను. బళ్లో నీకు "గొర్రెల దొడ్డి" అని పేరు పెట్టినప్పుడు కూడా నోరు విప్పలేదు. నువ్వు పదహారేళ్లకే ఓడ ఎక్కి పోయావు. ఆ తర్వాత రెండేళ్లకి స్కార్ అడవి కొట్టేసి వరసలుగా పైన్ మొక్కలు నాటారు, ఇక ఎవరూ లోపలికి దూరే వీల్లేకుండా పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ నా మీద నాకే అసహ్యంగా ఉంది. నాన్న పోయేదాకా చెప్పలేదు. పోయాక, పోయిన మనిషి పరువు అని సాకు దొరికింది.

నిన్న మిసెస్ ఫాదర్‌గిల్‌కి అంతా చెప్పాను. పుస్తకంలో తప్పు నాదని నా పేరుతో రాస్తానన్నాను. ఆవిడ బిస్కెట్టు టీలో ముంచి అలాగే పట్టుకుని ఉండిపోయింది, సగం ఊడి కప్పులో పడింది. "యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడెవరడిగారండీ మిమ్మల్ని? అది మీ నాన్న ఆమోస్ గారి మ్యాపు. జనం ఆయన్ని ఏమనుకుంటారు?" అంది.

"అడిగినవాడు ఒకడున్నాడు. అప్పుడు వాడికి పదమూడేళ్లు" అన్నాను.

"మరి రెండు జతల కాళ్లో? నియమం నియమమే" అంది. ఆవిడ పట్టు ఆవిడది. పోయిన చలికాలంలో ఆ పైన్ చెట్లు కొట్టేశారు, వాలంతా ఖాళీగా ఉంది. ఇరవై నాలుగో తేదీ ఆదివారం నేనూ ఆవిడా వెళ్లి నిలబడి వస్తాం. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు.

క్షమించమని రాయాలని నాలుగుసార్లు కలం పెట్టాను. ఆ మాట చాలా చిన్నదిగా కనబడుతోంది. అయినా రాస్తున్నాను, క్షమించు.

హెస్టర్

* * *

సాల్ట్‌హేవెన్,
18 సెప్టెంబరు

అక్కా,

నాకు ఇంత పొడుగు ఉత్తరాలు రాయడం చేతకాదు. అయినా ప్రయత్నిస్తాను, మధ్యలో వంకరలు పోతే సర్దుకో.

ఆ సమావేశం అయిన వారానికి, బడి ఎగ్గొట్టి బస్సెక్కి జిల్లా గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ ఒక ముసలాయన నా బూట్ల వంక చూసి, చేతులు కడుక్కుని రమ్మని, ఆ షీటు తెచ్చి ముందు పెట్టాడు. అతికించనిది, అంచులతో సహా ఉన్నది. మిల్లు అందులో ఉంది. నూనె అంటని పల్చ కాగితం, అమ్మ కేకు కింద వేసేది, జేబులో పెట్టుకెళ్లాను. దాని మీద నకలు గీసుకున్నాను. ఇంటికొచ్చి ఎవరూ లేనప్పుడు అమ్మ టేపుతో మన మ్యాపు కొలిచాను. స్కార్ అడవిలో వేలెడు తక్కువొచ్చింది. వాగు మీద పెన్సిల్ గీత కూడా కనబడింది. అది ఎవరి గీతో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఇంట్లో ఎడమచేతి వాటం నీకొక్కదానికే.

ఆ కాగితం నాన్న బల్ల మీద పెడితే ఒక్క నిమిషం పని. పెట్టలేదు. నేను దేవుణ్ణనుకోకు, మా చెడ్డ కోపంగా ఉంది. కానీ అంతకు ముందు రోజే ఆయన మాంసం కొట్టు దగ్గర నీ అతుకు గురించి ఎవరికో చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వే చెప్తావులే అనుకున్నాను. ఆ రాత్రి చెప్తావనుకున్నాను, క్రిస్మస్‌కి చెప్తావనుకున్నాను. అలా చూసి చూసి ఓడెక్కాను. నాన్న అంత్యక్రియలకి వచ్చి వెనక వరసలో నిలబడ్డది కూడా, ఇవాళైనా చెప్తావేమోననే. శాండ్‌విచ్ తింటావా అని అడిగావు.

నాన్న నమ్మలేదని నాకు బాధ లేదు. ఆయన మ్యాపుని నమ్మాడు, అది ఆయన అలవాటు. నువ్వు నన్ను నమ్మావు, అక్కా. నమ్మి కూడా తలనొప్పి అన్నావు. అది మింగుడు పడలేదు ఇన్నాళ్లూ. కోపం పోయిందా అంటే, నీ ఉత్తరం చదివాక సగం పోయింది. రెండోసారి చదివితే ఇంకాస్త పోయింది. అందుకని మూడోసారి చదవలేదు, కొంచెం ఉంచుకున్నాను, ఎదురుగా తిట్టడానికి.

పుస్తకంలో తప్పు నీదని రాస్తే రాయి. నీకప్పుడు ఇరవై ఏళ్లని కూడా రాయి. నాన్న మీద ఒక్క మాట పడనివ్వకు. ఆ పల్చ కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్త. జిగురు మాత్రం రాయకు, నీకు దణ్ణం పెడతాను.

మిసెస్ ఫాదర్‌గిల్‌గారిని ఆదివారం వేరే పని చూసుకోమను. ఆవిడ బూటు ఆ మిల్లులో నాకంటే ముందు పడిందంటే పుస్తకంలో నా పేరు నేనే కొట్టేస్తాను. శనివారం నాలుగున్నర బస్సుకి దిగుతున్నాను. వాలు బురదగా ఉంటుంది, మంచి బూట్లు తీసి పెట్టుకో. మోకాళ్ల కోసం చేతికర్ర నేను చెక్కి తెస్తున్నాను.

ఆ నియమం నాన్న పెట్టిందే కదా, రెండు జతల కాళ్లు. ఒక జత యాభై ఏళ్ల కిందటే అక్కడ నిలబడింది. రెండోది ఎవరిది కావాలో ఆ రోజే హాల్లో అందరి ముందూ అడిగాను.

తలనొప్పి తగ్గిందా, అక్కా?

నీ తమ్ముడు,
క్లెమ్