ఖరాబైందని రాసిన క్యాసెట్

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పదకొండు క్యాసెట్లనూ నీ టేప్ రికార్డర్‌లోనే, ఒక్క పాటా వదలకుండా రెండు వైపులా విన్నాను. వారానికి ఒకటి, శుక్రవారం పూట. మన నాగావ్‌లో మరమగ్గాల సాంచాలు సెలవుకు ఆగి, ఇంట్లో పాట వినపడేది ఆ ఒక్క రోజే కదా.

నా అభిప్రాయాలు చెప్తాను, కోప్పడకు. నువ్వు నెత్తిన పెట్టుకున్న భజనల క్యాసెట్ నాకు నచ్చలేదు. తాళాల మోతలో మాటే అందదు. పాత సినిమా పాటల్లో మొదటి వైపు బంగారం, రెండో వైపు ఉత్త హడావుడి. ఒగ్గుకథ మాత్రం మళ్లీ వింటాను. మొత్తానికి నీకు గట్టిగా మోగేవే ఇష్టం.

అట్ట మీద నువ్వు ‘ఖరాబైంది’ అని రాసిన క్యాసెట్‌ను ఆఖరికి పెట్టాను. ఒక ఆడమనిషి గొంతు, వెనక సన్నగా వేణువు. ఎక్కడా గరగర లేదు. పదకొండింటిలో అదే గొప్పది.

అమ్మను అడిగితే, చేటలో బియ్యం ఏరుతూనే చెప్పింది.

“సాంచాల మోతకు గప్పటికే మీ బాపు చెవులు సగం పోయినయ్ బిడ్డా. కొత్త క్యాసెట్ తెచ్చి పెట్టిండు. ఏం ఇనవడ్తలేదు, ఖరాబైందన్నడు. నాకు మంచిగనే ఇనవడ్డది.”

“మరి నువ్వేమన్నవ్?”

“ఔ, ఖరాబే అన్న.”

అట్ట మీద నీ రాతను అలాగే ఉంచాను. ఎవరైనా అడిగితే నేనూ ఖరాబే అంటాను, బాపూ.